పలకని అక్షరం ధర

రాయి నల్లది. ఈ ఫారో దీవుల్లో కొండలన్నీ ఆ నలుపే.
మర్యున్ దాన్ని తడిగుడ్డతో తుడిచి
సుద్దతో రెండు అడ్డగీతలు కొట్టి
"పేరు చెప్పండి" అంది.

"ఎయ్" అన్నాడు మిచ్చల్.

అంతే ఆ పేరు.
నోరు తెరిచి మూసేలోగా అయిపోతుంది.
నలభై ఆరేళ్ళు అలాగే పిలిచాడు,
గొర్రెల వెనక కొండెక్కిన మనిషిని కింద నుంచి,
మాంసం ఆరేసిన చెక్కకొట్టం సందుల్లోంచి,
పడవ తాడు విసురుతూ రేవులోంచి.
సగం గాలి తినేసినా
మిగతా సగం చేరేది.

మర్యున్ రాసింది. మూడక్షరాలు.
మూడోది ఎడ్.
వంగిన వెన్నుకి అడ్డంగా పుల్ల గుచ్చినట్టుంటుంది.
దానికి పేరుంది, చోటుంది, చప్పుడు లేదు.
ఎప్పుడో ముత్తాతల నాలుక మీద ఏదో మోగేదట,
వాడి వాడి అరిగిపోయింది.
రాత మాత్రం దాని పీట తియ్యలేదు.
మన అరసున్నకి అంతపాటి మర్యాద దక్కలేదు,
అచ్చుకూటాలవాళ్ళు ఊడ్చి అవతల పోశారు.

ఈ ఊరి పేరులోనే రెండున్నాయి అలాంటివి.
జనం వీయరాయి అంటారు.
నా చెవికి చివర్లో రాయి తగులుతుంది.
బోర్డు మీది అక్షరాలన్నీ కూడబలుక్కుని
ఫలానా ఊరు ఎప్పుడొస్తుందని అడిగిన పర్యాటకుడికి
అలాంటి ఊరే లేదని తల ఊపాడట డ్రైవరు,
ఆ ఊళ్ళోనే బస్సు ఆపి.

"అక్షరానికి నూట ఎనభై క్రోనలు."
మిచ్చల్ టోపీ తీసి లోపలికి చూశాడు
డబ్బు అందులో ఉన్నట్టు.
"పలకనిదానికి కూడానా?"
"ఉలికి చెవులుండవు కదా.
అసలు దీనికే పనెక్కువ,
ఆ గీత దగ్గర పెచ్చులూడుతుంది."
"అయితే తీసెయ్.
పిలిచేది నేనొక్కణ్ణే. నాకు రెండు చాలు."

బొటనవేలితో చెరిపేసింది.
కాస్త సుద్ద రాతి బెజ్జాల్లో ఉండిపోయింది.

రేకు మీద వాన.
ఫ్లాస్కులోంచి కాఫీ వంచింది ఇద్దరికీ.
కప్పు సగమయ్యాక, అడగకుండానే మొదలెట్టాడు.

పెళ్ళికి ముందు ఏడు,
గ్రీన్‌లాండ్ వైపు కాడ్ చేపల వేట.
చేపల కంపు కొట్టే కాగితం మీద మూడు ఉత్తరాలు రాశాడు.
మూడింట్లోనూ పైన ఆమె పేరు
రెండక్షరాలే, తన నోట్లో ఉన్నట్టే.
అన్నీ ఒకే కవర్లో తిరిగొచ్చాయి.

ఆమె రెండో తరగతి టీచరు మరి.
వాతావరణాన్ని ఇక్కడ వేవుర్ అంటారు.
ఆ రెండో 'వు'లో వకారం పుస్తకంలో ఎక్కడా కనపడదు,
దాని చోట ఎడ్ కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది.
విన్నది విన్నట్టు రాసిన పిల్లాడికే
ఎర్ర పెన్సిలు.
ఆ గదిలో ఆమె ముప్ఫై ఏళ్ళు నిలబడింది,
కిటికీ బయట అదే వేవుర్ ఈడ్చి కొడుతుండగా.

"ఏం రాసింది?" అంది మర్యున్.
"ఏముంటుంది.
ప్రతి ఉత్తరంలో పేరు పక్కన ఆ వంగినదాన్ని పెట్టి
చుట్టూ ఎర్రగా సున్నా చుట్టింది.
లోపల నేను ఏడ్చిన ఏడుపు సంగతి లేదు,
వస్తే చేసుకుంటానా లేదా అన్నది లేదు.
అడుగున రెండే మాటలు.
మళ్ళీ రాయి."

కప్పు కింద పెట్టాడు.
మర్యున్ సుద్ద తీసుకుంది.

మొదటి రెండూ మధ్యాహ్నానికల్లా అయ్యాయి.
మూడోదానికి పొద్దు వాలింది.
వెన్ను వంపు దగ్గర సుత్తి నెమ్మదించింది,
అడ్డగీత దగ్గర టక్, ఆగి, టక్ టక్,
ఒక పెచ్చు లేచి అతని చల్లారిన కాఫీలో పడింది.
అతను ఇంటికి పోలేదు.
గుమ్మంలో స్టూలు మీద కూర్చుని
ఒక చెవి అటు పెట్టి విన్నాడు,
పొరుగింట్లో ఎవరో పలవరిస్తుంటే విన్నట్టు.

డబ్బు రెండు దొంతరలుగా పెట్టాడు.
మూడో నూట ఎనభై విడిగా,
చిల్లరతో,
ఒక్కో నాణెం లెక్కపెట్టి.